గడియారం ఆగితే వేలం ముగిసినట్టేనా? డొమైన్ పేర్ల వేలంలో గడువు లెక్కలు

తెర మీద ఎర్రటి అంకెలు ఏడు సెకన్ల దగ్గర ఉన్నాయి. ఒక డాట్ కామ్ డొమైన్ పేరు (వెబ్‌సైట్ చిరునామా) మీద నేను వేసిన 410 డాలర్ల బిడ్ నాలుగు రోజులుగా అందరికంటే పైనే ఉంది. ఆరు, ఐదు, నాలుగు. మూడు దగ్గర ధర 420కి మారింది, నా పేరు ఉన్న చోట ఇంకెవరి పేరో వచ్చింది. కొత్త అంకె టైప్ చేసి బటన్ నొక్కేలోపే "వేలం ముగిసింది" అని కనిపించింది. ఆ పేరుకి నేను 700 దాకా పెట్టడానికి సిద్ధంగా ఉన్నాను. ఆ సంగతి అమ్మిన మనిషికి ఎప్పటికీ తెలియదు.

ఇందులో మోసమేమీ లేదు, అంతా నియమం ప్రకారమే జరిగింది. ఆ నియమం సరైనదేనా అన్నదే డొమైన్లు కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ ఎప్పుడూ వాదించుకునే విషయం. చివర్లో ఎవరైనా బిడ్ వేస్తే గడువు పొడిగించాలా? పొడిగిస్తే ఎన్ని నిమిషాలు, ఎన్నిసార్లు? వేలం మూడు రోజులు నడవాలా, పది రోజులా? పైకి చిన్న ప్రశ్నల్లాగే ఉంటాయి. కానీ పేరు ఎవరికి దక్కుతుంది, ఎంతకి దక్కుతుంది అన్నవి రెండూ వీటి మీదే ఆధారపడి ఉంటాయి.

ముందుగా రెండు మూడు మాటలు

డొమైన్ పేరు "కొన్నాం" అంటాం గానీ, నిజానికి మనకి దక్కేది ఇన్నేళ్లకి ఇంత అని కట్టి వాడుకునే హక్కు. ఆ నమోదు చేసిపెట్టే సంస్థని రిజిస్ట్రార్ అంటారు. వేలానికి వచ్చే పేర్లలో కొన్ని యజమానులే అమ్మకానికి పెట్టినవి. మిగతావి గడువు తీరినా ఎవరూ రెన్యూ చేయనివి. ఈ రెండో రకంలో ఒక చిక్కు ఉంది, దాని గురించి చివర్లో చెప్తాను.

ఆన్‌లైన్ వేలాల్లో ఎక్కువగా కనిపించేది ప్రాక్సీ బిడ్. మీరు ఎంత వరకు వెళ్లగలరో సిస్టమ్‌కి రహస్యంగా చెప్తారు, అది మీ తరఫున అవసరమైనంతే పెంచుతూ పోతుంది. మీ గరిష్ఠం 900, అవతలి మనిషి గరిష్ఠం 600, కనీస పెంపు 10 డాలర్లు అయితే పేరు మీకు 610కే వస్తుంది. గెలిచినవాళ్లు తమ అంకె కాకుండా రెండో స్థానంలో ఉన్నవాళ్ల అంకెకి దగ్గరగా చెల్లిస్తారన్నమాట. ఇలాంటి వేలంలో మన మనసులో ఉన్న అసలు విలువే చెప్పడం మనకి మేలని విలియం విక్రీ 1961లోనే సిద్ధాంతపరంగా చూపించారు. 1996లో ఆయనకి ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది.

సిద్ధాంతం అంత చక్కగా ఉంటే చివరి మూడు సెకన్ల టెన్షన్ ఎందుకొస్తోంది? వేలం ఎలా ముగుస్తుందన్న దగ్గరే అది మొదలవుతుంది.

హార్డ్ క్లోజ్, సాఫ్ట్ క్లోజ్: ఒకే వేలం, రెండు ఫలితాలు

చెప్పిన సమయానికి, ఏం జరుగుతున్నా సరే, వేలం ఆగిపోతే అది హార్డ్ క్లోజ్. చివరి కొన్ని నిమిషాల్లో బిడ్ పడితే గడువు ఇంకాస్త జరిగితే సాఫ్ట్ క్లోజ్. ఎదురుగా నిలబడి పాడే వేలం పాటలో "ఒకటోసారి, రెండోసారి, మూడోసారి" అని ఎందుకు పిలుస్తారో గుర్తుచేసుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది. ఆ పిలుపుల మధ్య ఆగే క్షణం ఇంకా పాడదలచుకున్నవాళ్ల కోసం. ఎవరైనా పాడితే లెక్క మళ్లీ ఒకటోసారి నుంచి మొదలవుతుంది. సాఫ్ట్ క్లోజ్ చేసే పని అదే. హార్డ్ క్లోజ్‌లో ఆ పిలుపులు ఉండవు, సుత్తి దెబ్బ ఒక్కటే ఉంటుంది.

హార్డ్ క్లోజ్‌లో చివరి క్షణం దాకా మౌనంగా ఉండి ఒక్కసారిగా బిడ్ వేయడాన్ని స్నైపింగ్ అంటారు. నాకు జరిగింది అదే. నా వేలాన్నే రెండు రకాలుగా లెక్కేసి చూద్దాం. నా అసలు విలువ 700, కానీ వేసింది 410.

స్నైపర్ గరిష్ఠం 800 అనుకుందాం. హార్డ్ క్లోజ్‌లో పేరు అతనికి 420కి వెళ్లింది. ఐదు నిమిషాల పొడిగింపు ఉంటే నేను 700 వేసేవాణ్ణి, అతని ప్రాక్సీ 710కి పెరిగేది, నేను ఆగిపోయేవాణ్ణి. గెలిచేది అతనే. కానీ అమ్మిన మనిషికి 290 డాలర్లు ఎక్కువ వచ్చేవి.

ఇప్పుడు స్నైపర్ గరిష్ఠం 600 అనుకుందాం. హార్డ్ క్లోజ్‌లో ఫలితం మారదు: 420కి అతనిదే. పొడిగింపు ఉంటే నేను 610కి గెలిచేవాణ్ణి. అమ్మిన మనిషి 190 డాలర్లు పోగొట్టుకోవడం ఒక ఎత్తు, పేరుకి ఎక్కువ విలువ ఇచ్చిన మనిషి చేతికి అది రాకపోవడం ఇంకో ఎత్తు. నా దృష్టిలో ఈ రెండోది పెద్ద లోపం. ఎవరికి ఎక్కువ అవసరమో తేల్చడానికే వేలం పెడతారు, ఇక్కడ ఆ పనే జరగలేదు.

ఈబే, అమెజాన్ చూపించిన తేడా

దీన్ని నిజమైన వేలాల్లో పరీక్షించే అవకాశం ఒకసారి అనుకోకుండా దొరికింది. 1995లో మొదలైన ఈబే హార్డ్ క్లోజ్ పాటించేది. 1999లో అమెజాన్ కూడా వేలాలు పెట్టింది, అయితే చివరి పది నిమిషాల్లో బిడ్ పడితే గడువు జరిగే పద్ధతిలో. రెండు చోట్లా ప్రాక్సీ బిడ్లే, ఒకే తరహా వస్తువులు. ముగింపు నియమమే వేరు. ఆర్థికశాస్త్రవేత్తలు ఆల్విన్ రాత్, ఆక్సెల్ ఆకెన్‌ఫెల్స్ ఈ రెండిటినీ పోల్చి 2002లో పరిశోధన పత్రం ప్రచురించారు. ఈబేలో చివరి నిమిషాల్లో బిడ్లు వచ్చి పడేవి, అమెజాన్‌లో అది చాలా తక్కువ. ఈబేలో అనుభవం పెరిగేకొద్దీ జనం ఇంకా ఆలస్యంగా వేసేవాళ్లు, అమెజాన్‌లో అనుభవం ఉన్నవాళ్లు ముందే వేసేవాళ్లు. మనుషుల స్వభావం ఒకటే అయినా నియమం వేరవడంతో నేర్చుకున్న పాఠం వేరైంది.

వాళ్లు గమనించిన ఇంకో విషయం డొమైన్లకి నేరుగా వర్తిస్తుంది. ఈబేలో చివరి క్షణపు బిడ్లు కంప్యూటర్ల వేలాల్లో కంటే పురాతన వస్తువుల వేలాల్లో ఎక్కువ. కంప్యూటర్ విలువ ఎవరైనా చూసి చెప్పగలరు. పాత వస్తువు అసలుదో నకిలీదో తెలిసిన నిపుణుడు ముందే బిడ్ వేస్తే, "ఈయన వేశాడంటే ఇందులో ఏదో ఉంది" అని మిగతావాళ్లకి తెలిసిపోతుంది. అందుకే నిపుణుడు తన ఆసక్తిని చివరిదాకా దాచుకుంటాడు. డొమైన్ పేర్లూ అంతే. పేరుకి నిర్ణీత ధరంటూ ఉండదు. ఏ పరిశ్రమలో ఆ మాటకి గిరాకీ పెరుగుతోందో, పాత లింకుల వల్ల ఎంతమంది ఇంకా ఆ చిరునామాకి వస్తున్నారో కొద్దిమందే తవ్వి తెలుసుకుంటారు.

"మొదటే గరిష్ఠం చెప్పొచ్చు కదా" అనే వాదన

హార్డ్ క్లోజ్‌ని సమర్థించేవాళ్ల మాటలో బలం ఉంది. ప్రాక్సీ ఉన్నప్పుడు 700 విలువనుకున్న మనిషి మొదటి రోజే 700 అని చెప్పి పడుకోవచ్చు. ఏ స్నైపరూ ఏమీ చేయలేడు. నేను 410 దగ్గర ఆగి చవగ్గా కొట్టేద్దామని చూశాను, పోగొట్టుకున్నాను. తప్పు గడియారానిది కాదు, నాదే అంటారు. పైగా ముగింపు సమయం ముందే తెలిస్తే ఎవరి పని వాళ్లు చూసుకోవచ్చు, ఒకే రోజు నాలుగు వేలాల్లో డబ్బు సర్దుకోవడం తేలిక. ముందే వేయడం వల్ల తన పరిశోధన పక్కవాళ్లకి ఉచితంగా అందిపోతుందన్న నిపుణుడి బాధ కూడా అబద్ధం కాదు.

అయితే ఈ వాదన ఒక అంచనా మీద నిలబడింది: నా విలువ నాకు ముందే పూర్తిగా తెలుసని. డొమైన్ల విషయంలో చాలామందికి అది తెలియదు. 400 ఎక్కువేమో అనుకున్న పేరుకి ఇంకో ఇద్దరు 500 పెడుతుంటే మన అంచనా పెరగడం సహజం. వాళ్లు తెలివితక్కువవాళ్లేమీ కాదు కదా. పోటీదారుల బిడ్లు కూడా సమాచారమే. ఆ సమాచారాన్ని చూసి ఆలోచించుకునే వ్యవధి లేకుండా ముగించే నియమం, ఆ సమాచారం అక్కర్లేని కొద్దిమందికే అనుకూలంగా ఉంటుంది. ఇందుకే నేను పొడిగింపు వైపు మొగ్గుతాను. కానీ పొడిగింపు అని రాసేసినంత మాత్రాన న్యాయం జరిగిపోదు.

పొడిగింపులో నిమిషాల లెక్క

డొమైన్ వేలాల్లో తరచుగా కనిపించే పొడిగింపులు 5 నిమిషాలు, 10 నిమిషాలు. ఒక్క నిమిషం ఎందుకు చాలదో ఊహించడం కష్టం కాదు. మిమ్మల్ని దాటేశారని మెయిల్ రావాలి, మీరు దాన్ని చూడాలి, పేజీ తెరవాలి. లాగౌట్ అయిపోయి ఉంటే మళ్లీ పాస్‌వర్డ్, ఫోన్‌కి వచ్చే కోడ్. ఆ తర్వాతే ఇంకో వంద పెట్టాలా వద్దా అని ఆలోచించేది. ఐదు నిమిషాలు సరిగ్గా సరిపోతాయి.

మరి ఎక్కువ నిమిషాలు పెడితే? ఒక పేరు 500 డాలర్ల దగ్గర ఉంది. ఇద్దరు పట్టువదలని మనుషులు, కనీస పెంపు 10 డాలర్లు. ఇద్దరూ ప్రాక్సీ వాడకుండా, ప్రతిసారీ గడువు చివరి సెకన్ల దాకా ఆగి వేస్తున్నారు. ధర 2,000కి చేరాలంటే 150 బిడ్లు కావాలి. ఒక్కోదానికి 5 నిమిషాల చొప్పున 750 నిమిషాలు, అంటే పన్నెండున్నర గంటలు. పొడిగింపు 10 నిమిషాలైతే 25 గంటలు. ఎవరికి విలువ ఎక్కువ అన్న పోటీ ఇక్కడ ఎవరు నిద్ర లేకుండా కూర్చోగలరు అన్న పోటీగా మారిపోతుంది. చిన్నపిల్లలున్నవాళ్లు, ఉద్యోగానికి వెళ్లాల్సినవాళ్లు మధ్యలో వదిలేస్తారు. బిడ్లు వేసే సాఫ్ట్‌వేర్‌కి అలసట ఉండదు.

ఇప్పుడు ఒక్క మార్పు చేద్దాం. కనీస పెంపు 10 డాలర్లు కాకుండా ఉన్న ధరలో 5 శాతం. 500 నుంచి 2,000 దాటడానికి 29 బిడ్లు చాలు. 5 నిమిషాల చొప్పున 145 నిమిషాలు, రెండు గంటల 25 నిమిషాలు. పొడిగింపు నిమిషాలు ముట్టుకోకుండానే పది గంటలు తగ్గాయి. గడువు గురించి జరిగే వాదనల్లో కనీస పెంపు ఊసే సాధారణంగా రాదు, కానీ ఈ రెండూ ఒకే తాళానికి రెండు తాళంచెవులు.

పొడిగింపు ఎలా లెక్కిస్తారన్నదీ చూడాలి. ముగింపు సాయంత్రం 6:00:00కి. 5:59:40కి బిడ్ పడింది. "బిడ్ పడిన క్షణం నుంచి 5 నిమిషాలు" అని నియమం ఉంటే కొత్త ముగింపు 6:04:40. "ముగింపుకి 5 నిమిషాలు కలుపుతాం" అని ఉంటే 6:05:00. తేడా ఇరవై సెకన్లే కదా అనిపిస్తుంది. కానీ 6:00:10కి ఇంకో బిడ్ పడితే మొదటి పద్ధతిలో 6:05:10, రెండో పద్ధతిలో 6:10:00. మొదటిదాంట్లో మిగిలిన సమయం ఎప్పుడూ ఐదు నిమిషాలు దాటదు, రెండోదాంట్లో పది దాకా పోతుంది.

ఇంకో సందేహం: పైన ఉన్న మనిషి తన రహస్య గరిష్ఠాన్నే పెంచుకుంటే గడువు జరగాలా? బయట కనిపించే ధర మారలేదు కాబట్టి ఎవరూ స్పందించాల్సింది లేదు, జరగక్కర్లేదు. వెనకున్న మనిషి బిడ్ వేసి ప్రాక్సీ చేతిలో ఓడితే మాత్రం ధర పెరిగింది. చూస్తున్న మూడో మనిషికి అది కొత్త సమాచారం, జరగడం సబబు.

పరిమితి పెడితే స్నైపింగ్ తిరిగొస్తుంది

అంతులేని పొడిగింపుకి విరుగుడుగా చాలామంది చెప్పేది, "మొత్తం పొడిగింపు 2 గంటలు మించకూడదు" అని. వినడానికి బాగుంటుంది. కానీ ఆ రెండో గంట చివరి సెకను ఎప్పుడో అందరికీ తెలుసు. అంటే హార్డ్ క్లోజే రెండు గంటలు ఆలస్యంగా వచ్చింది, దాని వెంట స్నైపరూ వస్తాడు. దీనికంటే పొడిగింపును మెల్లగా తగ్గించడం నయం: మొదట పదిసార్లు 5 నిమిషాలు, తర్వాత 3, ఆ తర్వాత 2. అప్పటికి మిగిలిన ఇద్దరు ముగ్గురూ తెర ముందే ఉంటారు కాబట్టి వాళ్లకి రెండు నిమిషాలు చాలు.

చివరి క్షణం ఎప్పుడో ఎవరికీ తెలియకుండా చేయడం ఇంకో దారి. 17వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో అంగుళం కొవ్వొత్తి వెలిగించి, అది ఆరేలోపు చివరగా పాడినవాళ్లకి సరుకు ఇచ్చేవారు. 1662లో ఓడల వేలానికి వెళ్లిన నౌకాదళ కార్యాలయ అధికారి శామ్యూల్ పీప్స్ తన డైరీలో ఒక ముచ్చట రాసుకున్నారు. ఒక మనిషి సరిగ్గా చివరి పాట పాడి గెలుస్తుంటే ఎలాగని అడిగారట. మంట ఆరిపోయే ముందు పొగ కిందికి దిగుతుంది, అది చూసి పాడతానని ఆ మనిషి చెప్పాడు. ఇదే పద్ధతి 2021 నవంబర్‌లో పోల్కాడాట్ అనే క్రిప్టో నెట్‌వర్క్‌లో చోటు (స్లాట్) కోసం జరిగిన వేలంలో కొత్త రూపంలో వచ్చింది. చివరి దశ అంతా అయ్యాక, అందులో ఏదో ఒక క్షణాన్ని యాదృచ్ఛికంగా ఎంచి, ఆ క్షణానికి ఎవరు పైన ఉన్నారో వాళ్లకే ఇచ్చేవారు.

స్నైపింగ్‌కి ఇది గట్టి దెబ్బే. కానీ మామూలు డొమైన్ వేలంలో ఆ యాదృచ్ఛిక క్షణాన్ని ఎంచేది వేలం నడిపే సంస్థ సర్వర్. అది లోపల ఎలా ఎంచిందో బయటివాళ్లు సరిచూసుకునే దారి లేకపోతే, పొగ దిగడం కనిపించే మనిషి లోపల ఎవరైనా ఉన్నారా అన్న అనుమానం పోదు.

మొత్తం గడువు, గంటల తేడా, సర్వర్ గడియారం

మూడు రోజుల వేలం వారాంతంలో ఇంటర్నెట్ చూడని మనిషికి కనిపించకుండానే పోవచ్చు. నెల రోజుల వేలంలో మొదటి మూడు వారాలు ఎవరూ కదలరు. వారం, పది రోజులు మామూలు అవడానికి కారణం ఇదే: ఒక వారాంతం, ఒక పని వారం రెండూ అందులో పడతాయి.

కానీ సరిగ్గా ఏడు రోజుల వేలం రోజులో ఏ గంటకి మొదలైందో అదే గంటకి ముగుస్తుంది. జనవరిలో 20:00 యూటీసీకి (ప్రపంచ ప్రామాణిక సమయం) మొదలుపెడితే ముగింపు న్యూయార్క్‌లో మధ్యాహ్నం మూడింటికి, లండన్‌లో రాత్రి ఎనిమిదింటికి, టోక్యోలో తెల్లవారుజామున ఐదింటికి. ప్రపంచమంతటా కొనేవాళ్లున్న సరుకుకి అందరికీ నప్పే గంట ఒకటి దొరకదు. ఎప్పుడూ ఒకే ప్రాంతం నిద్రలో ఉన్నప్పుడు ముగియకుండా ముగింపు గంటల్ని మార్చుతూ ఉండటమే చేయగలిగింది.

మీ తెర మీద దిగే అంకెలు మీ బ్రౌజర్ లెక్క. తీర్పు మాత్రం సర్వర్ గడియారానిది. మధ్యలో నెట్‌వర్క్ తీసుకునే సమయం ఉంటుంది. మీకు ఒక సెకను కనిపిస్తున్నా బిడ్ చేరేసరికి ముగిసిపోవచ్చు. హార్డ్ క్లోజ్‌లో ఈ అర సెకను ఫలితాన్ని తారుమారు చేస్తుంది, ఐదు నిమిషాల పొడిగింపులో దానికి విలువే లేదు. చివరి నిమిషాల్లో సైటే ఆగిపోతే ఏం చేస్తారో కూడా నియమాల్లో ముందే ఉండాలి. గడియారం మాత్రం నడిచి బిడ్లు ఆగిపోతే, అంతకుముందు పైన ఉన్న మనిషికి అది అయాచిత బహుమతి.

గడియారంతో పరుగు అక్కర్లేని పద్ధతులు

ఈథీరియం అనే బ్లాక్‌చెయిన్ మీద పేర్లు నమోదు చేసే ఈథీరియం నేమ్ సర్వీస్ 2017లో డాట్ ఈత్ పేర్లకి విక్రీ తరహా రహస్య బిడ్ల వేలం పెట్టింది. మూడు రోజులు రహస్యంగా బిడ్లు, తర్వాత రెండు రోజుల్లో ఎవరి బిడ్ వాళ్లు తెరవాలి. స్నైపింగ్‌కి చోటే లేదు. కానీ తెరవడం మరిచిపోయినవాళ్లకి నష్టం వచ్చేది, మామూలు జనానికి ఆ రెండు దశలు భారంగా ఉండేవి. 2019లో దాన్ని మార్చేశారు. ఇప్పుడు అక్కడ గడువు తీరి వదిలేసిన పేరుకి తగ్గుతూ వచ్చే ధర ఉంటుంది: 10 కోట్ల డాలర్ల అదనపు ధరతో మొదలై, రోజుకి దాదాపు సగం చొప్పున తగ్గుతూ 21 రోజుల్లో సున్నాకి వస్తుంది. పదో రోజుకి దాదాపు 97,600, పద్నాలుగో రోజుకి 6,050 చిల్లర. ఎవరి విలువకి ధర ముందుగా దిగితే పేరు వాళ్లది.

డాట్ యాప్, డాట్ వెబ్ లాంటి కొత్త అంత్యపదాలకి ఒకరికంటే ఎక్కువమంది పోటీపడితే, డొమైన్ పేర్ల వ్యవస్థని సమన్వయం చేసే ఐకాన్ సంస్థ రౌండ్ల పద్ధతిలో వేలం పెట్టింది. ప్రతి రౌండ్‌కి ధర పెరుగుతుంది, ఉంటారా తప్పుకుంటారా అని చెప్పాలి. 2016లో డాట్ వెబ్ 13.5 కోట్ల డాలర్లకి వెళ్లింది. అంత పెద్ద మొత్తం దగ్గర ఎవరూ చివరి సెకనుని నమ్ముకోరు. రోజూ వందల పేర్లు అమ్మేచోట మాత్రం ఇంత తతంగం కుదరదు.

ముగిశాక మొదలయ్యే చిక్కులు

గెలిచినవాళ్లు డబ్బు కట్టకపోతే? ఒక పేరు 1,200కి ముగిసింది. రెండో మనిషి 1,190 దాకా వెళ్లాడు, మూడో మనిషి 640 దగ్గర ఆగాడు. మొదటివాడు మాయమయ్యాడు. పేరు రెండో మనిషికే ఇవ్వాలన్నది సరే, ఎంతకి? 1,190 అంటే, కట్టే ఉద్దేశం లేని మనిషి పెంచిన ధరని నిజాయతీగా పాడిన మనిషి మోయాలి. ఎగ్గొట్టిన మనిషి బిడ్లన్నీ తీసేసి మళ్లీ లెక్కిస్తే 650. అమ్మేవాళ్లు మొదటిది అడుగుతారు, "అంత వరకు నువ్వే వెళ్లావు కదా" అని. అందులో కొంత నిజముంది, కానీ 650 వైపే న్యాయం ఎక్కువ ఉందని నా అభిప్రాయం. 1,190 దొరుకుతుందంటే, దొంగ బిడ్లతో ధర పెంచి తప్పుకోవడం అమ్మేవాళ్లకి లాభసాటి అవుతుంది.

ఇక మొదట్లో చెప్పిన చిక్కు. డాట్ కామ్ పేరు గడువు తీరాక రిజిస్ట్రార్ దగ్గర 45 రోజుల దాకా ఉండొచ్చు. అప్పటికీ రెన్యూ కాక తొలగిస్తే, పాత యజమాని అదనంగా కట్టి విడిపించుకోవడానికి 30 రోజులు, ఆ తర్వాత 5 రోజులకి అందరికీ తెరుచుకుంటుంది. చాలా రిజిస్ట్రార్లు ఆ మొదటి 45 రోజుల్లోనే పేరుని వేలానికి పెడతాయి. అంటే వేలం నడుస్తున్నప్పుడు, ఒక్కోసారి ముగిశాక కూడా, పాత యజమానికి రెన్యూ చేసుకునే వీలు మిగిలి ఉంటుంది. అలా ఉండటం అవసరమే. ఆసుపత్రిలో ఉండో, కార్డు గడువు తీరిపోయో రెన్యూ మరిచిన మనిషి ఏళ్లనాటి చిరునామా పోగొట్టుకోకూడదు. అందుకే ఐకాన్ నియమం ప్రకారం గడువుకి దాదాపు నెల ముందు, వారం ముందు, తీరాక ఐదు రోజుల్లోపు ఇంకోసారి యజమానికి తెలియజేయాలి.

కొన్న మనిషి వైపు నుంచి చూస్తే, "మీరు గెలిచారు" అన్న మెయిల్‌కీ పేరు చేతికి రావడానికీ మధ్య కొన్ని రోజులు గాల్లో ఉంటాయి. ఈలోపు పాత యజమాని రెన్యూ చేసుకుంటే కట్టిన డబ్బు తిరిగొస్తుంది. ఆ పేరు వచ్చేసిందన్న నమ్మకంతో, అదే వారం వేరే వేలంలో పాడకుండా వదిలేసుకున్న రెండో పేరు మాత్రం తిరిగి రాదు.